మామునూరు నక్షాలో తెర గది ఎక్కడ?

వరంగల్ వాళ్లకు ఎయిర్‌పోర్టు అంటే ఇప్పటికీ శంషాబాదే. అర్ధరాత్రి కారెక్కి, దారిలో ఎక్కడో ఛాయ్ తాగి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే తెల్లారేసరికి గేటు ముందుంటాం. జగిత్యాల, నిర్మల్ నుంచి దుబాయ్, మస్కట్ పోయేవాళ్ల దారి ఇంకా పొడుగు. వరంగల్ పక్కనే మామునూరులో నిజాం కాలంలో కట్టిన విమానాశ్రయంలో 1981 దాకా విమానాలు దిగాయి. ఆ తర్వాత గడ్డి మొలిచింది. శంషాబాద్ ఒప్పందంలోని, 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు ఉండొద్దన్న షరతు దాన్ని చాలాకాలం లేవనీయలేదు. అక్కడ మళ్లీ విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చాక రన్‌వే పొడవు మీద, 253 ఎకరాల భూసేకరణ మీద, రైతుకు ఎకరానికి ఎంత అన్నదాని మీద లొల్లి నడిచింది. నడవాల్సిందే. కానీ ఆ టెర్మినల్లో భద్రతా తనిఖీకి మనిషిని ఎక్కడ నిలబెట్టి తడుముతారు, ఎవరు తడుముతారు, ఎవరి కళ్ల ముందు తడుముతారు అన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. గోడలు లేచాక అడిగితే "జాగ లేదు" అన్న జవాబు ఒక్కటే వస్తది.

ఈ మాట ఎత్తగానే "దేశ భద్రత ముఖ్యమా, నీ ఇజ్జత్ ముఖ్యమా?" అనేవాళ్లు ఉంటారు. ఒక పళ్లెంలో భద్రత, ఇంకో పళ్లెంలో పరువు పెట్టి, ఒకటి లేస్తే ఇంకోటి దిగుతుందని చెప్పే ఆ తరాజును నేను ఒప్పుకోను. విమానాశ్రయంలో మనిషి చిన్నబుచ్చుకునే చోట్లు ఒక్కొక్కటే తీసి చూడండి. తెర సరిగ్గా మూసుకోని గది, కుర్చీ లేని మూల, అర్థం కాని భాషలో హుకుం, నూరు మంది ఆడవాళ్లకు ఒక్క మహిళా కానిస్టేబుల్. వీటిలో ఏ ఒక్కటీ బాంబును ఆపదు. ఇవన్నీ ప్లానింగులో పోయిన తప్పులు. వాటికి మనం భద్రత అని పేరు పెట్టుకుని తల వంచుకుంటున్నాం.

భద్రత అక్కర్లేదని కాదు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలి 329 మంది పోయారు. బాంబు ఉన్న సూట్‌కేసు విమానంలోకి పోయింది, దాన్ని చెకిన్ చేసిన మనిషి మాత్రం ఎక్కలేదు. అంతకుముందు రోజు టొరంటోలో సామాను చూసే ఎక్స్‌రే యంత్రం చెడిపోతే చేతి పరికరంతో పని కానిచ్చారు. అక్కడ జరిగిన లోపం ప్రయాణికులను గట్టిగా తడమకపోవడం కాదు. ఎక్కని మనిషి సామాను దించకపోవడం. సామానుకు, మనిషికి లెక్క కుదరనిదే విమానం కదలొద్దు అన్న నియమం ఆ చావుల మీద గట్టిపడ్డది. ఆ నియమం వల్ల ఎవరి పరువూ పోదు, ఎవరి ఒంటి మీదా చెయ్యి పడదు. మన దగ్గర 1978లో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏలో ఒక విభాగంగా మొదలైన బీసీఏఎస్‌ను, అంటే విమానయాన భద్రత చూసే సంస్థను, 1987 ఏప్రిల్ 1న వేరే శాఖగా నిలబెట్టింది కూడా కనిష్క తర్వాతే. 1999 డిసెంబరులో ఐసీ-814 విమానం హైజాక్ అయ్యాక, 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాల కాపలా కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది.

ఇప్పుడు యంత్రాల సంగతి. ఇది తెలియక భయపడేవాళ్లే ఎక్కువ, కాబట్టి కొంచెం సావకాశంగా చెప్పుకోవాలి.

తలుపు చట్రంలా నిలబడి ఉండే మెటల్ డిటెక్టర్ లోపల తీగ చుట్టలు ఉంటాయి. అవి సెకనుకు ఎన్నోసార్లు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి ఆపేస్తుంటాయి. దారిలో లోహం ఉంటే దానిలో చిన్న కరెంటు సుడి లేచి, ఆ మార్పు యంత్రానికి తెలుస్తుంది. పక్కన వెలిగే లైట్లు లోహం కాళ్ల దగ్గరుందా, నడుము దగ్గరుందా చెప్తాయి. అది కత్తో కడియమో యంత్రానికి తెలియదు. మెట్టెలు, నల్లపూసల తాడు, బెల్టు బకల్, మోకాలి ఆపరేషన్‌లో పెట్టిన కోబాల్ట్ క్రోమ్, టైటానియం ముక్కలు అన్నీ దానికి లోహమే. హన్మకొండలో రెండు మోకాళ్లు మార్పించుకుని డాలస్‌లో మనవడిని చూడబోయే పెద్దమ్మకు అది కూత పెట్టడం ఖాయం. కాబట్టి చట్రం దాటాక సంజాయిషీ చెప్పుకునే కన్నా, దాటకముందే "మోకాలి ఆపరేషన్ అయింది" అని చెప్పడం మేలు. డాక్టరు కార్డు చూపిస్తే మాట నమ్మడం తేలికవుతుంది గానీ తనిఖీ మాఫీ కాదు. చేతి డిటెక్టర్ మోకాలి దగ్గర కూత పెడితే చీర మీద నుంచే చేత్తో చూస్తారు. అంతకు మించి చూడాలంటే అందరి ముందూ చీర ఎత్తే పని లేదు, లోపలి గది అడగవచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు చేతి డిటెక్టర్‌ను గుండె మీద ఆపొద్దని, చేత్తో చూడమని ముందే అడగాలి.

ఎక్స్‌రే తెర మీద రంగులు వేరే కథ. లోహం నీలంగా, ఒంటికి, తిండికి దగ్గరైన పదార్థాలు నారింజ రంగులో, మధ్యస్థమైనవి ఆకుపచ్చగా కనిపిస్తాయి. చిక్కు ఏమిటంటే ప్లాస్టిక్ పేలుడు పదార్థమూ నారింజ రంగే. డబ్బాలో గట్టిగా అదిమిన పాలకోవా, నువ్వుల ముద్దలు, నెయ్యి గట్టిపడ్డ సీసా ఆ తెర మీద ఒకే సాంద్రత ఉన్న నారింజ ఇటుకల్లా కనబడతాయి. సకినాల డబ్బా తెరిచినంత మాత్రాన మీ మీద అనుమానం పడ్డట్టు కాదు. విడివిడిగా, పలచగా సర్దితే తెరిచే అవసరం తగ్గుతుంది. ల్యాప్‌టాప్ బయట పెట్టమనేది దాని బ్యాటరీ దట్టంగా ఉండి కిందున్న వస్తువును దాచేస్తుందని. కొత్తగా వస్తున్న సీటీ యంత్రాలు బ్యాగును చుట్టూ తిరిగి ముక్కలు ముక్కలుగా చూపిస్తాయి కాబట్టి అక్కడ దాన్ని తీసే పని ఉండదు.

మన పెండ్లిండ్లలో, ఒడిబియ్యంలో లేకుంటే గడవని కుడుకలు మాత్రం చేతి సంచిలోనూ, చెకిన్ సామానులోనూ కూడా నడవవు. కొబ్బరి ఎండాక దాని బరువులో సగానికి పైగా నూనే, అది తనంతట తాను వేడెక్కే సరుకుల జాబితాలో ఉంది. ఈ సంగతి ఇంటి దగ్గరే చెప్పేవాళ్లు లేక, లైన్ల నిలబడ్డంక బ్యాగు విప్పి, పది మంది చూస్తుండగా కుడుకలు చెత్తబుట్టలో పారేయించుకోవడం ఒక అవమానం. పవర్ బ్యాంకు దీనికి ఉల్టా: చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్ల దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు, హాయిగా పోనిస్తారు. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకుతోనే గొడవ. అంతర్జాతీయ ప్రయాణానికి ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాల్లో, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి. మందులకు, పసిపిల్లల పాలకు మినహాయింపు ఉంది. ఇన్సులిన్ ఉంటే చీటీ దగ్గర పెట్టుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థం అయ్యేది స్వాబ్ పరీక్ష. చిన్న గుడ్డ పేలికతో చేతులనో బ్యాగు పిడినో తుడిచి యంత్రంలో పెడతారు. అది వేడి చేసి ఆవిరిలోని అణువుల కదలికను కొలిచి పేలుడు పదార్థం ఆనవాళ్లున్నాయో లేదో కొన్ని సెకన్లలో చెప్పేస్తుంది. నైట్రేట్ ఎరువు చల్లి చేతులు సరిగ్గా కడుక్కోని రైతు, గోదావరిఖనిలోనో భూపాలపల్లిలోనో బాయిలో బ్లాస్టింగు పని చేసే సింగరేణి కార్మికుడు, గుండెనొప్పికి నైట్రోగ్లిజరిన్ మాత్ర వాడే ముసలాయన, గ్లిజరిన్ క్రీము రాసుకున్న పిల్ల, వీళ్లలో ఎవరికైనా అది మోగొచ్చు. యంత్రం పసిగట్టేది పదార్థాన్నే. మనసులో ఏముందో దానికి పట్టదు. ఇక్కడ పరువు నిలబెట్టేది సిబ్బంది అడిగే తొలి ప్రశ్న. "ఏం పని చేస్తరు? ఏమన్నా మందులు వాడుతరా?" అని పక్కకు తీసుకెళ్లి నెమ్మదిగా అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం. అదే ప్రశ్న క్యూ మధ్యలో అరిచి అడిగితే మనిషి చెమట పడతాడు, మాట తడబడతాడు, తడబడ్డాడని ఇంకో అనుమానం. పనిముట్టు అదే, అడిగిన తీరు మారితే పని చెడింది.

ఇక ఒంటిని చూసే స్కానర్లు. 2009 క్రిస్మస్ నాడు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ పోయే విమానంలో ఒకడు లోదుస్తుల్లో పేలుడు పదార్థం పెట్టుకుని ఎక్కాడు. అందులో లోహం లేదు కాబట్టి మెటల్ డిటెక్టర్ ఏమీ చేయలేదు. ఆ దెబ్బతో బాడీ స్కానర్ల పరుగు పెరిగింది. (అతని సొంత తండ్రే అంతకుముందు నైజీరియాలోని అమెరికా ఎంబసీకి వెళ్లి హెచ్చరించాడు. దాన్ని సరిగ్గా పట్టించుకుని ఉంటే కోట్ల మందిని స్కానర్లో నిలబెట్టే వాదనకు అంత బలం వచ్చేది కాదేమో.) అమెరికాలో అప్పుడు పెట్టినవాటిలో ఒక రకం ఎక్స్‌రేతో పనిచేసేది, ఒంటి ఆకారం దాదాపు బట్టల్లేనట్టే అధికారికి కనిపించేది. జనం ఊరుకోలేదు. బొమ్మ మనిషి ఆకారం మాత్రమే కనిపించే సాఫ్ట్‌వేర్ ఉండి తీరాలని 2012లో చట్టం చేశారు. ఎక్స్‌రే రకం తయారీదారు ఆ సాఫ్ట్‌వేర్ ఇవ్వలేకపోయాడు. 2013 మే నాటికి ఆ యంత్రాలన్నీ పోయాయి. మిగిలినవి మిల్లీమీటర్ తరంగాలవి. వాటిలో ఎక్స్‌రే ఉండదు. తెర మీద అందరికీ ఒకే గీతల బొమ్మ, అనుమానం ఉన్నచోట ఒక పసుపు గడి.

నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. పరువు కోసం పట్టుబడితే భద్రత చెడలేదు, యంత్రం బాగుపడ్డది.

మన దగ్గర 84 విమానాశ్రయాల్లో ఏడాదిలోగా ఈ స్కానర్లు పెట్టాలని బీసీఏఎస్ 2019 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ గడువు దాటిపోయింది. వచ్చినా సమస్యలు తీరిపోవు. చీర కుచ్చిళ్ల దగ్గర మడత మీద మడత, పెద్ద కొప్పు, తలపాగా, చెమట పట్టిన వీపు, వీటికి తప్పుడు గుర్తులు వస్తాయి. అప్పుడు మళ్లీ చేతి తనిఖీయే. అమెరికా యంత్రాల్లో మొన్నమొన్నటి దాకా మనిషిని చూసి ఆడా మగా అని అధికారి బటన్ నొక్కాల్సి వచ్చేది. ట్రాన్స్‌జెండర్ ప్రయాణికులకు ప్రతిసారీ అనవసరంగా గడి వెలిగేది. 2022లో ఆ బటన్ అవసరం లేని పద్ధతికి మారుతున్నామని చెప్పారు. మన క్యూల మీద "పురుషులు", "స్త్రీలు" అన్న రెండే బోర్డులు ఉంటాయి. ఎవరి చేత చూపించుకోవాలో ఆ మనిషినే అడగడానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు.

కృత్రిమ కాలు విషయంలో మన సుప్రీంకోర్టే మాట్లాడింది. నృత్యకారిణి సుధాచంద్రన్ ప్రతి ప్రయాణంలోనూ తన కాలు తీయమంటున్నారని 2021 అక్టోబరులో వీడియోలో ప్రధానికి మొరపెట్టుకుంటే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. అదే డిసెంబరులో, వైకల్యం ఉందని విమానం నుంచి దింపేసిన జీజా ఘోష్ కేసులో 2016లో ఇచ్చిన తీర్పుకు కొనసాగింపుగా వచ్చిన విచారణలో, కృత్రిమ అవయవాలను తీయమని అడగకూడదని, మనిషి గౌరవం కాపాడాలని కోర్టు చెప్పింది. వికలాంగులను వాళ్ల ఇష్టం అడగకుండా ఎత్తడం అమానుషమనీ అన్నది. మరి కాలు తీయకుండా తేల్చేదెట్లా? గదిలో కూర్చోబెట్టి, పైనుంచి చేత్తో చూసి, కాలు పైభాగాన్ని, పట్టీలను స్వాబ్‌తో తుడిచి పరీక్షిస్తే సరిపోతుంది. అందుకు కావాల్సింది చేతులున్న కుర్చీ, తలుపు, ఇద్దరు సిబ్బంది. జైపూర్ కాలులాంటి తేలిక కాలు రబ్బరు, ప్లాస్టిక్‌తో ఉంటుంది. అది మోగకపోవచ్చు కూడా, అందుకే మోగలేదని వదిలేయడమూ, మోగిందని విప్పించడమూ రెండూ తెలివి తక్కువ పనులే.

మర్యాదలో సగం లెక్కల పనే. 180 సీట్ల విమానం అనుకోండి. అందులో 110 మంది మగవాళ్లు, 70 మంది ఆడవాళ్లు. మగవాళ్లను బయటి పీట మీద నిలబెట్టి చూస్తారు కాబట్టి మనిషికి 20 సెకన్లు, పీటలు రెండు. 1,100 సెకన్లలో, అంటే 18 నిమిషాల్లో అయిపోతారు. ఆడవాళ్లను తెర లోపలికి పిలిచి చూడాలి కాబట్టి మనిషికి 40 సెకన్లు, గది ఒక్కటే. 2,800 సెకన్లు, దగ్గర దగ్గర 47 నిమిషాలు. బోర్డింగు మూసేస్తారన్న భయంతో వెనకున్నవాళ్లు తోస్తారు, లోపలున్న కానిస్టేబుల్ చేతులు తొందరపడతాయి, తెర సగం తెరిచే ఉంటుంది. ఆ కానిస్టేబుల్‌ది మొరటుతనం అనుకుంటాం. ఆమె ఒక్క షిఫ్టులో వందల మందిని తడమాలి, పక్కన ఇంకో గది కట్టనివాడిని ఎవరూ తిట్టరు.

భాష సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. పదేళ్లు దుబాయ్‌లో చేసినోడికి హిందీ నీళ్లు తాగినంత తేలిక. అతన్ని చూడబోయే వాళ్లమ్మకు "ఘూమ్ జావో" అంటే ఏం తెలుస్తది? బిత్తరపోయి నిలబడితే గొంతు పెంచుతారు. గొంతు పెరిగితే అర్థమవుతుందా? "అమ్మా, చేతులు చాపండి", "వెనక్కి తిరగండి", "ముట్టుకుని చూస్తాను", "గదిలో చూడమంటారా?", "అయిపోయింది, వెళ్లండి." ఈ ఐదు మాటలు బీహారు జవానుకైనా కేరళ జవానుకైనా ఒక్క పూటలో వస్తాయి. ఇంకోటి కూడా చెప్పాలి. టై కట్టుకున్నాయన ట్రేలో బెల్టు మర్చిపోతే "సార్, బెల్ట్ ప్లీజ్" అని వినిపిస్తుంది. రంగు వెలిసిన చొక్కాతో, ప్లాస్టిక్ ఫోల్డరులో వీసా కాయితాలు పట్టుకున్న గల్ఫ్ కార్మికుడికి "ఏయ్, తీయ్." యంత్రం ఇద్దరికీ ఒకే తీరుగా కూత పెడుతుంది, మనుషులే తేడా చూపిస్తారు.

చెయ్యి వేసి చూడటం అర నిమిషంలో అయిపోతుంది. ముఖం సంగతి వేరు. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైన డిజియాత్ర 2023లో హైదరాబాద్‌కు వచ్చింది. యాప్‌లో ఆధార్ వివరాలు కలిపి, సెల్ఫీ తీసి, బోర్డింగ్ పాస్ ఎక్కిస్తే గేటు దగ్గర ముఖం చూపి లోపలికి పోవచ్చు. వివరాలు ఫోనులోనే ఉంటాయని, ప్రయాణానికి ముందు విమానాశ్రయానికి పోయినవి విమానం కదిలిన 24 గంటల్లో చెరిపేస్తారని దాని విధానం చెప్తుంది. ఒకటి గుర్తు పెట్టుకోవాలి: దీనివల్ల తగ్గేది టికెట్, ఐడీ చూపించే పని మాత్రమే. తడమడం, ఎక్స్‌రే అందరికీ మామూలే. రెండోది, ఇది ఇష్టపూర్వకం. కాగితం టికెట్, ఆధార్ కార్డు చూపి పక్క గేటులోంచి పోయే హక్కు మీకుంది. "ఇటు రండి, జల్దీ అవుతుంది" అని చేయి పట్టుకుని కెమెరా ముందు నిలబెట్టడాన్ని ఒప్పుకోలు అనరు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఒప్పుకోలు స్వేచ్ఛగా, ఏ పనికో తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నప్పుడు దాన్ని తగ్గించాలంటే మూడు పరీక్షలు పెట్టారు. చట్టం ఉందా, అవసరం సరైనదా, చేసేది ఆ అవసరానికి తగినంతేనా. ఇది వాడుకుంటే చాలా చిక్కుముళ్లు వీడతాయి. భద్రతా తనిఖీ వెతికేది విమానానికి ముప్పు తెచ్చే వస్తువును. ఫోను ఎక్స్‌రేలో పెట్టమనడం దానికి తగినదే. ఫోను తెరిచి వాట్సాప్ చూపించమనడం ఆ పనిలోది కాదు. మాత్ర ఏమిటో చూడటం తగినదే, ఆ జబ్బు పేరు క్యూకంతా వినపడేలా చదవడం తగదు.

పద్ధతి తప్పితే ఏం చేయాలి? అక్కడే గొడవ పెట్టుకుంటే విమానం పోతుంది. ముందు షిఫ్టు ఇన్‌చార్జిని పిలవమనండి. టైము, లైను నంబరు, యూనిఫాం మీది పేరు రాసుకోండి. అదే రోజు కేంద్ర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టి సీసీటీవీ రికార్డు ఉంచమని అందులోనే కోరండి, ఆలస్యమైతే రికార్డు చెరిగిపోతుంది. సమాచార హక్కు సీఐఎస్ఎఫ్‌కు వర్తించదని కొందరు చేతులెత్తేస్తారు. నిజమే, ఆ చట్టం రెండో షెడ్యూలులోని మినహాయింపుల జాబితాలో దాని పేరు ఉంది. కానీ ఆ చట్టం 24వ సెక్షన్‌లోనే, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు లేదని రాసి ఉంది. కేంద్ర సమాచార కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలి.

మళ్లీ మామునూరుకు వద్దాం. టెర్మినల్ నక్షా ప్రజల ముందుకు వచ్చిన రోజు, కాకతీయ తోరణం ముఖద్వారంలో ఉందా లేదా అన్నదాని మీద పేపర్లలో ఫొటోలు పడతాయి. తోరణం ఉంటే సంతోషమే. నేను మాత్రం సెక్యూరిటీ హాలు కాగితం తీసి చూస్తాను. ఆడవాళ్ల తనిఖీ గదులు మగవాళ్ల పీటల సంఖ్యకు తక్కువ కాకుండా ఉన్నాయా. వాటిలో ఒకటైనా వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల జాగతో, గుడ్డ తెరకు బదులు తలుపుతో ఉందా. గోడకు కొక్కెం, లోపల కుర్చీ ఉన్నాయా. ఎక్స్‌రే బెల్టు అయిపోయాక రోలర్ల బల్ల ఎంత పొడుగుంది.

ఆ బల్ల చివర ఏముందో కూడా చూస్తాను. బెల్టు లేని ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ట్రేలోంచి పర్సు, ఫోను, చెప్పులు ఏరుకునే మనుషులు కూర్చోవడానికి అక్కడ ఒక బెంచీ కావాలి. ఆరడుగుల జాగ చాలు. ఆ జాగను అత్తరు దుకాణానికి ఇస్తే నెలనెలా కిరాయి వస్తది, బెంచీకి రాదు. నక్షా గీసేవాళ్లు లెక్కేసుకునేది ఆ కిరాయిని. ఇందులో దేశ భద్రత ఎక్కడా లేదు.